దయ్యముల చోట్లు – ఆదివారపు యాత్రలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. గురుముఖమున చదివినవాడనును కాను. మా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణముగా నుండిరి. 1984 జనవరిలో ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేసినప్పుడు దస్త్రములన్నియు తాలూకా కచ్చేరికి పోయినవి. వారి పెట్టెలో మిగిలినవి భారతము, భాగవతము, ఒక శబ్దరత్నాకరము. ఆ మూడింటిని ముందుంచుకొని, పద్యమునకు పది మాటల చొప్పున నిఘంటువులో వెదకికొనుచు, తప్పులు చదువుచు దిద్దుకొనుచు నేర్చినవాడను. పగలు పంచాయతీ లెక్కలును సహకార సంఘపు లెక్కలును వ్రాయుట, రాత్రి పద్యములు చదువుట, ఇదియే నా కాలక్షేపము. కావున నా మాటలలో లెక్కలు కొంత, భారతము కొంత ఉండును. విషయము మాత్రము మీకు వింతగా తోచవచ్చును. శని ఆదివారములు వచ్చినచో మన పిల్లలు దయ్యములను చూడబోవుచున్నారు గదా. దానిని గూర్చి మాటలాడుదును.

ఈ వేడుక మన గ్రామమున పుట్టినది కాదు. పట్టణములలో ఉద్యోగములు చేయు పిల్లలు వారమంతయు గదులలో కూర్చుండి, సెలవు రాగానే మోటారు సైకిళ్లపై బయలుదేరి, పాడుపడిన కోట, పాత బంగళా, శ్మశానము, ఊరి వెలుపలి మఱ్ఱి, ఎచ్చట దయ్యమున్నదని విన్నను అచ్చటికి పోవుచున్నారు. సెల్‌ఫోనుతో బొమ్మలు తీసి నలుగురికి పంపుచున్నారు. వారిని చూచి పెద్దలు కోపపడుచున్నారు. నాకు మొదట కోపము రాలేదు. ఏలయన, ఆ వయస్సున నేనును పోయితిని.

నాకు పదునాలుగేండ్లప్పుడు, మన చెఱువుగట్టు చింతచెట్టుమీద దయ్యమున్నదని వాడుక. అర్ధరాత్రి పోయి ఆ చెట్టు మొదట మేకు దిగగొట్టి రావలెనని పందెము. ఇట్టి పందెములో ఒకడు చీకటిలో తన పంచె కొంగుమీదనే మేకు దిగగొట్టుకొని, లేవబోగా దయ్యము పట్టుకొన్నదని గుండె ఆగి చచ్చెనను కథ మీరందఱును విన్నదే. ఆ కథ ఎఱిగియుండుటచేత నేను పంచె ఎగగట్టుకొని పోయితిని. మేకుపై రెండు దెబ్బలు వేసితినో లేదో, తలపై గొంతు చీల్చుకొన్నట్లు ఒక అరపు వినబడినది. మేకును, సుత్తియును, ఒక చెప్పును అచ్చటనే విడిచి ఇల్లు చేరితిని. మఱునాడు రాత్రి మా తండ్రిగారు లాంతరు పట్టుకొని నన్ను ఆ చెట్టు క్రిందికి తీసికొనిపోయిరి. తొఱ్ఱలోనుండి తెల్లని ముఖము ఒకటి మమ్ము చూచెను. అది చావుపిట్ట. గుడ్లగూబలలో ఒక జాతి. మా తండ్రిగారు, “ఇది దయ్యం కాదురా, మన ధాన్యానికి కాపలాదారు. ఇది లేకపోతే ఎలుకలు మనకి గింజ మిగల్చవు” అనిరి. పగలు మేకును సుత్తియును తెచ్చుకొంటిని. చెప్పును ఏ కుక్కయో పట్టుకొనిపోయినది.

ఈ విధముగా ఒక దయ్యము లెక్క తేలినది. పిమ్మట దయ్యమను మాట వినబడినపుడెల్ల, లెక్కల మనిషిని గనుక, ఆ పద్దు ఎచ్చట మొదలైనదో వెదకుట నాకు అలవాటైనది.

రాజస్థానమున అల్వారు జిల్లాలో భాన్‌గఢ్ అను పాడుపడిన కోట కలదు. దేశమున దయ్యములకు దానిని మించిన చోటు లేదని చెప్పుకొందురు. రాజకుమారిని కోరి భంగపడిన మాంత్రికుడొకడు శపింపగా ఊరు నాశమైనదని కథ. దీనికి సాక్ష్యముగా పురావస్తుశాఖవారి బోర్డును చూపుదురు. సూర్యాస్తమయమునకు పిమ్మట లోపలికి పోరాదని దానిలో నున్నది. “చూచితిరా, ప్రభుత్వమే దయ్యమును ఒప్పుకొన్నది” అందురు. రక్షిత కట్టడముల నిబంధనలు 1959లో ఏర్పడినవి. ఆ కట్టడములు సామాన్యముగా సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వఱకు మాత్రమే తెఱచియుండవలెనని వానిలోనే కలదు. పైగా ఆ కోట సరిస్కా అడవి ప్రాంతమున నున్నది. రాత్రి అచ్చట మనుష్యునకు ఎదురుపడగలది మృగము. ఒక సామాన్యపు నిబంధనను భయముతో చదివినందున అది దయ్యమునకు ధ్రువపత్రమైనది.

అంత దూరము పోనేల? మన బందరులో డచ్చివారి సమాధులు కలవు. పదునేడవ శతాబ్దమున వర్తకమునకై సముద్రములు దాటి వచ్చి, ఈ ఉప్పుగాలిలో కన్నుమూసిన వారి గుర్తులవి. రాళ్లపై కులచిహ్నములును అక్షరములును చెక్కియున్నారు. పగలు పోయి నిలిచి చూచినచో ఎవరో, ఎన్నేండ్లు బ్రదికిరో, ఎవరు ఏడ్చుచు ఆ రాయి నిలిపిరో కొంత తెలియును. రాత్రి పోయినవారికి ఆ అక్షరములు కనబడవు. 1864 నవంబరు 1వ తేదీ నాటి ఉప్పెనలో బందరులోను చుట్టుపట్లను దరిదాపు ముప్పదివేలమంది గతించిరి. చచ్చినవారందఱును దయ్యములైనచో ఆ పట్టణమున బ్రదికినవారికి నిలువ చోటుండునా?

మన ఊరి రెండవ చోటు కాలువగట్టు బంగళా. పూర్వము కాలువల శాఖ అధికారులు బస చేయుటకు కట్టినది. కప్పు కూలి చాలకాలమైనది. తెల్లని దుస్తులతో ఒక దొరసాని అచ్చట తిరుగునని చెప్పుకొనిరి. ఈ దొరసాని మా తండ్రిగారి కాలమున ఎవరికిని కనబడలేదు. 1993 అక్టోబరులో ప్రభుత్వము సారాయిని నిషేధించినది గదా, ఆమె ఆ పిమ్మటనే అవతరించినది. అమావాస్య, పౌర్ణమి అను నియమము లేక ప్రతి రాత్రియు దర్శనమిచ్చెడిది. ఒకనాడు ఆబ్కారీవారు వచ్చి, వెనుకగదిలోని కుండలు పగులగొట్టి, పొయ్యి ఆర్పిపోయిరి. దొరసాని ఆనాటితో అదృశ్యమైనది. కావున పిల్లలారా, ఏ దయ్యమును గూర్చి విన్నను మొదట దానివలన ఆదాయము ఎవరికో విచారింపుడు.

ఇక మూడవ చోటు. దీనిని గూర్చి చెప్పుటకే నేను ఈ వేదిక ఎక్కితిని.

ఊరికి దక్షిణమున, మురుగుకాలువ కావల, తాటిచెట్ల నడుమ నున్న దిబ్బను మీరెల్లరు ఎఱుగుదురు. సర్కారుతుమ్మ అల్లుకొని పగలు సైతము చీకటిగా నుండును. దానిని దయ్యాలదిబ్బ అందురు. పొరుగూళ్లనుండియు, పట్టణమునుండియు పిల్లలు దానిని చూచుటకే వచ్చుచున్నారు. ఆ దిబ్బ ఏమిటో యాబదియేండ్లు దాటినవారు ఎఱుగుదురు. ఎఱిగియు చెప్పరు. నేనును చెప్పలేదు. నేడు చెప్పెదను.

1977 నవంబరు 19, శనివారము. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. గాలి ముందే మొదలైనది. తాటిచెట్లు విల్లులవలె వంగుచుండెను. ఆ పిమ్మట సముద్రము నిలువున లేచి వచ్చినది. నీరు వచ్చెననుట తప్పు. నల్లని గోడ వచ్చెను. మా తండ్రిగారు నన్ను రామాలయపు డాబాపైకి చేర్చి, నాలుగేండ్ల మా చెల్లెలిని తెచ్చుటకు మఱల దిగిరి. నీరు వారిని వెనుకకు రానిచ్చినది. చెల్లెలిని రానీయలేదు.

దివిసీమలోను చుట్టుపట్లను ఆ ఒక్క ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే దరిదాపు పదివేలమంది పోయిరి. అంతకు మించి పోయిరని చెప్పువారు అనేకులు. మన ఊరిలో నీరు తీసిన పిమ్మట మనుష్యులు, గేదెలు, ఎద్దులు ఒకే చోట, ఒకే కంపచెట్టునకు చిక్కుకొని యుండిరి. కట్టెలు తడిసిపోయినవి. కర్మకాండకు వేళ లేదు, చేయువారును లేరు. మిగిలినవారు ముక్కులకు గుడ్డలు కట్టుకొని, ఊరిలో ఎత్తైన ఆ దిబ్బమీద గుంటలు త్రవ్వి, దొరికినవారిని దొరికినట్లు పూడ్చిరి. మా వీథి, మీ వీథి, పేట, పల్లె అను భేదము ఆ రెండు దినములు లేకుండెను. బ్రదికియుండగా ఒకే బావిలో నీరు తోడుకొనని వారు ఆ దిబ్బలో ప్రక్కప్రక్కన నిదురించుచున్నారు. మా చెల్లెలు అందున్నది.

ఆ పిమ్మట బ్రతుకుట మొదలుపెట్టితిమి. ఇండ్లు లేచినవి. ఉప్పుపట్టిన పొలములు మెల్లగా తేరుకొన్నవి. ఏడ్చి ఏడ్చి అలసినవారు ఆ మాట ఎత్తుట మానిరి. పిల్లలు అటు పోకుండుటకై “అటు పోకు, దయ్యాలున్నాయి” అని తల్లులు బెదరించిరి. చెప్పుటకంటె బెదరించుట తేలిక. మన మౌనములో తుమ్మకంపతోపాటు దయ్యములును పెరిగినవి.

క్రిందటి సంవత్సరము నవంబరు 19 రాత్రి అయిదుగురు పిల్లలు దయ్యములను చూచుటకు ఆ దిబ్బకు పోయిరి. తెల్లచీర కట్టిన ఆకారము, చేతిలో దీపము, తనలో తాను ఏమో మాటలాడుకొనుచు చెట్లనడుమ కూర్చుండుట వారికి కనబడినది. సెల్‌ఫోనులో బొమ్మ పట్టుకొని పరుగెత్తిరి. రెండు దినములలో ఆ బొమ్మ జిల్లా అంతయు తిరిగినది. నవ్వినవారు నవ్విరి, భయపడినవారు భయపడిరి.

ఆ ఆకారము మన ఊరి మామ్మగారిది. పేరు చెప్పను. ఈ మాట ఆమె అనుమతితోనే చెప్పుచున్నాను. ఆమె భర్తయు, ఇద్దఱు బిడ్డలును ఆ దిబ్బలో నున్నారు. ఏటేట ఆ రాత్రి ఆమె ఒంటరిగా పోయి, దీపము పెట్టి, బిడ్డలను పేరుపెట్టి పిలిచి, ఆ యేడు జరిగిన సంగతులు చెప్పి వచ్చునట. ఇంటివారికిని తెలియదు. మనుమని సెల్‌ఫోనులో తన బొమ్మను తానే చూచుకొన్నది. నేను పోయి పలుకరింపగా నా మొగము చూచి, “నేను చావకముందే నన్ను దయ్యాన్ని చేశారా, నాయనా?” అని అడిగినది. నేను బదులు చెప్పలేకపోయితిని. ఆనాటినుండి ఆమె వీథి అరుగుమీదికి సైతము వచ్చుట మానినది.

అప్పుడు నాకు కోపము వచ్చినది. ఆ పిల్లలను పిలిపించి నోటికి వచ్చినట్లు తిట్టితిని. నలుగురు తలలు వంచుకొనిరి. అయిదవవాడు మా తమ్ముని కుమారుడు. ఉప్పెన తరువాత పుట్టినవాడు మా తమ్ముడు. ఆ పిల్లవాడు తలయెత్తి, “అక్కడ మా మేనత్త ఉందని మాకెప్పుడైనా చెప్పారా, పెదనాన్నా?” అనినాడు.

ఆ రాత్రి నాకు పద్యము మీద మనస్సు నిలువలేదు. పంచాయతీ ఆస్తుల పట్టిక తెఱచితిని. దిబ్బకు ఉత్తరమున నున్న గడ్డిభూమికి హద్దులు వ్రాసిన పుట వెదకితిని. “దక్షిణము: దయ్యాలదిబ్బ” అని యున్నది. దస్తూరి నాది. అందఱు అనుచున్నారు గదా యని నేనే అట్లు వ్రాసితిని. మా చెల్లెలు నిదురించు చోటునకు దయ్యాలదిబ్బ యని కాగితముమీద పేరు పెట్టినవాడను నేనే. పిల్లలు బొమ్మ తీసిరి, అంతే. దానికి ముందే నేను దస్తావేజు పుట్టించితిని.

ఇప్పుడు భారతమునకు వత్తును.

ఆశ్రమవాస పర్వమున ఒక ఘట్టము కలదు. యుద్ధము ముగిసి చాలయేండ్లైనది. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి వనమున నున్నారు. పాండవులు వారిని చూడవచ్చిరి. వ్యాసమహర్షియు వచ్చెను. ఎన్నియేండ్లు గడచినను గాంధారికి కుమారుల శోకము తీరలేదు. కుంతికి కర్ణుని గూర్చిన బాధ తీరలేదు. అప్పుడు వ్యాసుడు వారందఱిని గంగాతీరమునకు గొనిపోయి, రాత్రివేళ నీటిలో దిగి మృతులను పిలిచెను. గంగలోనుండి మహాఘోషము పుట్టెను. భీష్మద్రోణులు, దుర్యోధనాదులు, కర్ణుడు, అభిమన్యుడు, ఉపపాండవులు నీటినుండి లేచివచ్చిరి. పగలు లేదు, ఈర్ష్య లేదు. తండ్రి కుమారుని, భార్య భర్తను, అన్న తమ్ముని కౌగిలించుకొనిరి. పుట్టుగ్రుడ్డి యగు ధృతరాష్ట్రుడు వ్యాసుని వరమున తన బిడ్డల మొగములు ఆ రాత్రి చూచెను. తెల్లవారుసరికి వారు వచ్చిన నీటిలోనికే పోయిరి.

ఈ ఘట్టమును నేను అనేక పర్యాయములు చదివితిని. నీటినుండి చచ్చినవారు లేచివచ్చుట! మనకు దయ్యముల కథ యన్న ఇంతకంటె ఏమి కావలెను? అయినను ఆ తీరమున భయపడినవాడు ఒక్కడును లేడు. ఏల? వచ్చినవారి పేర్లు నిలిచియున్నవారికి తెలియును గనుక. వ్యాసుడు చూపిన వింత ఒక్క రాత్రిలో ముగిసినది. పేర్లు మఱవకుండుట మాత్రము మన చేతిలోని పని.

పల్నాటి కారెంపూడిలో ఏటేట కార్తీకమున వీరుల ఉత్సవము చేయుదురు. ఎన్నడో నాగులేటి ఒడ్డున పడిన వీరులను ఇప్పటికిని పేరుపేరున తలచుకొందురు. అదియును మృతులున్న చోటే. పిల్లలు తండ్రుల భుజములమీద కూర్చుండి పోవుదురు.

కావున దయ్యముల చోట్లకు పోవలదని నేను పిల్లలకు చెప్పను. పొండు. అయితే కొన్ని మాటలు వినుడు. పగలు పొండు, చెక్కిన అక్షరములు పగలే కనబడును. పాతగోడల క్రిందను, ఒరలేని బావుల చెంతను జాగ్రత్తగా నుండుడు. 2018 వర్షాకాలమున మన దివిసీమలో ఎందఱు పాముకాటునకు గురియైరో మఱవకుడు. కట్లపాము రాత్రియందే తిరుగును. కఱచినచో మంత్రగానికై వెదకక వెంటనే ఆసుపత్రికి పొండు. ఇతరుల ఇంటిని, ఇతరుల దుఃఖమును అడుగక బొమ్మ తీయకుడు. పోవుటకు ముందు ఆ చోటును గూర్చి ఊరిలో ఒక ముసలివారిని అడుగుడు.

పెద్దలకును ఒక మాట. అడిగినపుడు చెప్పుడు. “అటు పోకు” అని ఊరకుండకుడు.

గ్రంథాలయ సంఘమువారికి మూడు మనవులు. మొదటిది: ఆ దిబ్బమీది కంప కొట్టించి త్రోవ వేయించుటకు పంచాయతీని కోరవలెను. రెండవది: గ్రంథాలయమున ఒక నోటుపుస్తకము ఉంచవలెను, ఉప్పెనలో పోయిన మన ఊరివారి పేరు, వయస్సు, ఏ ఇంటివారో ఎవరు వచ్చి చెప్పినను అందులో వ్రాయవలెను. వ్రాసిపెట్టుటకు నేను ప్రతి ఆదివారము సాయంకాలము ఇచ్చట కూర్చుందును. మూడవది: వచ్చు నవంబరు 19 సాయంకాలము ఊరంతయు దీపములు పట్టుకొని అచ్చటికి పోవలెను. ముందు మామ్మగారు నడువవలెను. నేను పోయి అడిగితిని. “చూస్తాను నాయనా” అనినది. రానని మాత్రము అనలేదు.

ఆ అయిదుగురు పిల్లలు తీసిన బొమ్మను తమ ఫోనులనుండి తుడిచివేసి, తమకు తెలిసినంతవఱకు తుడిపింపజేసిరి. ఈ నెల ఇల్లిల్లు తిరిగి పేర్లు అడుగుచున్నది వారే. మా తమ్ముని కుమారుడు మొదటి పుటలో మొదటి పేరుగా తన మేనత్త పేరు వ్రాసికొని వచ్చి నాకు చూపినాడు. అక్షరదోషమొకటి యున్నది. నేను దిద్దలేదు.

పంచాయతీ పట్టికలో నేను వ్రాసిన పేరు దిద్దుటకు తీర్మానము కావలెను. వచ్చు సమావేశమున కోరుచున్నాను. “దక్షిణము: ఉప్పెన మృతుల దిబ్బ” అని వ్రాయుటకు అనుమతి ఇచ్చినచో, ఎఱ్ఱసిరాతో పాతది కొట్టివేసి, ప్రక్కన నా పొడిసంతకము పెట్టెదను. తప్పు వ్రాసినవాని చేతనే దిద్దింపవలెనని మా తండ్రిగారు చెప్పెడివారు.

 నోటుపుస్తకము ద్వారము చెంత బల్లమీద నున్నది. పోవునప్పుడు, మీ ఇంటి పేరొకటి యున్నచో, వ్రాసి పొండు.